అందరి సంతకాలూ

మా అమ్మమ్మగారింట్లో, చెక్కబీరువా పై అరలో, పట్టుచీరల కింద ఒక కాగితం ఉండేది. 1971లో మా తాతయ్య రాయించినది. కోనసీమలో ఉన్న ఆ పెంకుటిల్లూ, దొడ్డీ, దొడ్లో నుయ్యీ, పన్నెండు కొబ్బరిచెట్లూ నలుగురు కొడుకులూ ఒప్పుకుని సంతకాలు పెడితే తప్ప అమ్మడానికి గాని, తాకట్టు పెట్టడానికి గాని వీల్లేదని దాని సారాంశం. కింద నలుగురు మావయ్యల సంతకాలూ ఉన్నాయి. మా అమ్మదీ, పిన్నిదీ లేవు. ఆడపిల్లలు కదా, వాళ్ళని ఎవరూ అడగలేదు. అడగలేదేమని వాళ్ళకీ తోచలేదుట.

1994లో కోస్తా అంతటా రొయ్యలకి జబ్బు తగిలి చెరువులకి చెరువులే తుడిచిపెట్టుకుపోయిన సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. మా పెద్దమావయ్య అందులో నిండా మునిగాడు. ఇల్లు అమ్మితే తప్ప అప్పులవాళ్ళకి మొహం చూపించలేనన్నాడు. రెండో మావయ్యా, చిన్నమావయ్యా "అన్నయ్య మాట" అంటూ తలలూపారు. మూడో మావయ్య మాత్రం ససేమిరా అన్నాడు. "అమ్మ ఉన్నన్నాళ్ళూ నేను సంతకం పెట్టను" అని భీష్మించుకు కూచున్నాడు. అన్నదమ్ముల మధ్య రెండేళ్ళు మాటల్లేవు. అయితేనేం, అమ్మమ్మ మరో 11 ఏళ్ళు ఆ ఇంట్లోనే, ఆ నూతి నీళ్ళే తాగుతూ బతికింది. ఎవరి పంచనా చేరకుండా వెళ్ళిపోయింది. తాతయ్య ముందుచూపు ఎంతటిదో అని ఊరంతా చెప్పుకున్నారు.

ఆ కాగితం కథ అంతటితో అయిపోలేదు. మిగతాది తరవాత చెబుతాను. ఇప్పుడది ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా అమ్మాయి డిగ్రీ పరీక్షకి చదువుకుంటూ వంటింట్లోకి వచ్చి, "అమ్మా, రాజ్యాంగాన్ని మార్చడం ఇంత కష్టంగా ఎందుకు పెట్టారు?" అని అడిగింది. నేను బి.ఏ.లో రాజనీతిశాస్త్రం చదివినదాన్నే గాని, చదివింది పరీక్ష అయిన మర్నాడే మరిచిపోయాను. పోపు దించి, దాని పుస్తకం పుచ్చుకు కూచున్నాను.

మామూలు చట్టానికైతే ఆ పూట సభకి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది చెయ్యెత్తితే చాలు. రాజ్యాంగానికి అలా కాదు. 368వ అధికరణం ప్రకారం సభలో ఉన్న మొత్తం సభ్యుల్లో సగానికి మించి ఒప్పుకోవాలి. వచ్చి ఓటు వేసినవాళ్ళలో మూడింట రెండువంతులు ఒప్పుకోవాలి. అదీ లోక్‌సభలో వేరే, రాజ్యసభలో వేరే. రాష్ట్రాల అధికారాల వంటి కొన్ని విషయాలకైతే సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఔననాలి.

ఈ లెక్క ఎంత కచ్చితమైనదో చెప్పడానికి ఒక ముచ్చట ఉంది. 1970లో రాజులకీ మహారాజులకీ ఇచ్చే భరణాలు ఆపుదామని ఇందిరాగాంధీ ప్రభుత్వం సవరణ తెచ్చింది. లోక్‌సభ దాటింది. రాజ్యసభలో 149 మంది ఔనన్నారు, 75 మంది కాదన్నారు. మొత్తం 224. దాంట్లో మూడింట రెండువంతులు ఎంతో వేసుకోండి. 149, ఇంకో మూడోవంతు! మూడోవంతు మనిషిని ఎక్కణ్ణించి తెస్తారు? బిల్లు పోయింది. ఎన్నికలయ్యాక 1971లో మళ్ళీ తెచ్చి నెగ్గించుకున్నారనుకోండి, అది వేరే సంగతి.

"అంత కష్టమైతే 2023 నాటికే 106 సార్లు ఎలా మార్చారు?" అంది మా అమ్మాయి. పిల్లలతో వచ్చిన చిక్కే ఇది. ఒక ప్రశ్నకి జవాబు వెతికేలోగా రెండోది సిద్ధంగా ఉంటుంది.

అసలు పోయినవాళ్ళు రాసిన మాటకి ఉన్నవాళ్ళు ఎందుకు కట్టుబడాలి? ఇది కొత్త ప్రశ్న కాదు. అమెరికాలో జెఫర్సన్ 1789లోనే స్నేహితుడు మాడిసన్‌కి ఉత్తరం రాస్తూ, భూమి బతికున్నవాళ్ళదనీ, ఏ రాజ్యాంగమైనా 19 ఏళ్ళకి తనంతట తనే చెల్లిపోవాలనీ వాదించాడు. మన అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ ఆ జెఫర్సన్ భావాన్నే గుర్తుచేశారు. మేము దీనికి కదలని ముద్ర వెయ్యలేదు, సవరించుకోవడానికి తేలిక దారే ఉంచాము అన్నట్టు చెప్పారు. ఆ సభలో ఆడవాళ్ళు 15 మంది, వాళ్ళలో మన రాజమండ్రి దుర్గాబాయమ్మగారొకరు. సభ పూర్తిగా దేశంలోని ప్రతివాళ్ళూ ఓటేసి ఎన్నుకున్నదీ కాదు, ఆనాడు ఓటుహక్కు కొద్దిమందికే ఉండేది. అలాంటివాళ్ళు తరవాతి తరాల చేతులు మరీ గట్టిగా కట్టెయ్యకూడదనుకోవడం ధర్మమే కదా అనిపిస్తుంది.

కాని 1975లో జరిగినది చదివితే గుండె ఝల్లుమంటుంది. ఆ జూన్ 12న అలహాబాదు హైకోర్టు ప్రధానమంత్రి ఎన్నిక చెల్లదంది. జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి వచ్చింది. ప్రతిపక్ష నాయకులు ఎందరో జైళ్ళలో ఉన్నారు. ఆ కేసు ఆగస్టు 11న సుప్రీంకోర్టు ముందుకి రావాలి. ఆగస్టు 7న లోక్‌సభ ఒక సవరణ ప్రవేశపెట్టి ఆ రోజే ఆమోదించింది. ప్రధానమంత్రి ఎన్నికని ఏ కోర్టూ విచారించకూడదని అందులో ముఖ్యమైన ముక్క. 8న రాజ్యసభ. 9వ తారీకు శనివారం, అయినా శాసనసభల్ని పిలిపించి ఒప్పించారు. 10న రాష్ట్రపతి సంతకం. నాలుగు రోజులు! మా ఇంట్లో ఆవకాయ పెట్టాలన్నా కాయలు బేరం చేసి, కొట్టించి, తుడిచి, ఆరబెట్టి, కలిపేసరికి వారం పడుతుంది.

అదే 368వ అధికరణం. అవే మూడింట రెండువంతులు. తాళం చెక్కుచెదరకుండా ఉంది, తాళంచేతులన్నీ ఒకే కొంగున ఉన్నాయి, అంతే తేడా. చివరికి దాన్ని ఆపింది సంఖ్య కాదు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తులు కూచుని, ఏడుగురు ఒకవైపూ ఆరుగురు ఒకవైపూ అయి, పార్లమెంటు దేన్నైనా సవరించవచ్చు గాని రాజ్యాంగానికి ప్రాణమైన మౌలిక స్వరూపాన్ని మాత్రం చెరపకూడదని తీర్పు చెప్పారు. ఆ మాట పట్టుకునే 1975 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ముక్కని కొట్టేసింది. ప్రధానమంత్రి ఎన్నిక చెల్లుతుందనే అంది, కాని కోర్టు తలుపు మూసే ఆ ముక్క మాత్రం చెల్లదంది. ఒక్క న్యాయమూర్తి అటు జరిగి ఉంటే? మా మూడో మావయ్య ఆ రోజు మెత్తబడి ఉంటే? నాకు ఈ రెండూ ఒకేలాంటి ప్రశ్నలుగా కనిపిస్తాయి.

ఇక్కడి దాకా వచ్చేసరికి నేను తాతయ్య పక్షం. ఎంత కష్టం పెడితే అంత మంచిది, నాలుగు సంతకాలు కాదు పధ్నాలుగు పెట్టించాలి అనుకున్నాను.

అప్పుడు మా అమ్మాయి పేజీ తిప్పింది.

1996 సెప్టెంబరు 12న దేవెగౌడ ప్రభుత్వం లోక్‌సభలో ఒక బిల్లు పెట్టింది. పార్లమెంటులోనూ శాసనసభల్లోనూ మూడోవంతు స్థానాలు ఆడవాళ్ళకి కేటాయించాలని. దాన్ని పరిశీలించిన సంఘానికి గీతా ముఖర్జీ అధ్యక్షత వహించారు. ఆ బిల్లుని బహిరంగంగా వద్దన్న పెద్ద పార్టీ దాదాపు లేదు. అందరూ స్త్రీలని మాతృమూర్తులన్నారు, శక్తిస్వరూపిణులన్నారు. సభ రద్దయింది, దాంతో బిల్లూ పోయింది. 1998లో మళ్ళీ పెట్టబోతే ఒక సభ్యుడు కాగితాలు లాక్కుని చింపేశాడు. అప్పుడు స్పీకరు మా కోనసీమ ఆయనే, బాలయోగిగారు. 1999లో మళ్ళీ. 2008లో రాజ్యసభలో పెట్టారు. 2010 మార్చి 9న, అల్లరి చేసినవాళ్ళని మార్షల్స్ చేత బయటికి పంపించి, 186 మందికి ఒక్కరు వ్యతిరేకంగా నెగ్గించారు. లోక్‌సభలో మాత్రం నాలుగేళ్ళపాటు దాన్ని ఓటుకే పెట్టలేదు. 2014లో సభతోబాటు అదీ పోయింది. 2023 సెప్టెంబరులో లోక్‌సభ 454కి ఇద్దరు వ్యతిరేకంగా, రాజ్యసభ ఒక్కరూ వ్యతిరేకించకుండా 214 ఓట్లతో ఆమోదించాయి. 1996 నుంచి లెక్క చూసుకుంటే 27 ఏళ్ళు. ఆ తరవాత జరిగే జనాభా లెక్కలూ, నియోజకవర్గాల పునర్విభజనా అయ్యాకే అమలని అందులోనే ఇంకో గొళ్ళెం పెట్టారు. 2024 ఎన్నికలు పాత పద్ధతినే జరిగాయి. 543 మందిలో 74 మంది ఆడవాళ్ళు నెగ్గారు.

నాలుగు రోజులూ 27 ఏళ్ళూ పక్కపక్కన పెట్టి చూడండి. కష్టమంతా ఆ మూడింట రెండువంతుల్లో ఉందంటే నేను నమ్మను. ఇంకో సంగతి కూడా ఉంది. పంచాయతీల్లోనూ మునిసిపాలిటీల్లోనూ ఆడవాళ్ళకి మూడోవంతు ఇవ్వాలన్న 73, 74 సవరణలు 1992 డిసెంబరులో పార్లమెంటు దాటాయి. ఇప్పుడు ఆంధ్రలోనూ తెలంగాణాలోనూ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు ఆడవాళ్ళవే. అప్పుడు చెయ్యెత్తినవాళ్ళకి పోయిందేమీ లేదు, పంచాయతీ సర్పంచి కుర్చీ ఢిల్లీలో ఉన్నవాళ్ళది కాదు కదా! 1996లో మాత్రం చెయ్యెత్తవలసినవాడి కుర్చీనే లేచి ఇమ్మన్నారు. బస్సులో ఆడవాళ్ళ సీట్లో కూచున్న పెద్దమనిషిని లేవమంటే కిటికీలోంచి ఎలా చూస్తూ ఉండిపోతాడో మనందరికీ తెలుసు.

పోనీ, అడ్డుపడ్డవాళ్ళందరూ స్వార్థపరులేనా అంటే, అదీ అనలేను. "ఏ ఆడవాళ్ళకి?" అని వాళ్ళు అడిగారు. చదువుకున్న పెద్దింటి ఆడవాళ్ళే ఆ సీట్లన్నీ ఎగరేసుకుపోతే వెనకబడిన కులాల స్త్రీల గతేమిటి, ముస్లిం స్త్రీల గతేమిటి, లోపల వాళ్ళకో వాటా ఉండాలి కదా అని. 2023లో కాదన్న ఇద్దరూ, అందులో మన హైదరాబాదు సభ్యుడొకరు, చెప్పిన కారణమూ ఇదే. ఈ ప్రశ్నని బిల్లు ఆపడానికి సాకుగా వాడుకున్నవాళ్ళు ఉండవచ్చు. అయినా ప్రశ్న తప్పు కాదు. మా పనిమనిషి వార్తలు వింటూ "మాకూ వస్తయ్యా అమ్మా?" అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. కాదన్న మనిషిని కూచోబెట్టి వినక తప్పని పరిస్థితి వస్తుంది చూడండి, తాళం కష్టంగా ఉండటంలో ఉన్న మేలు అదొక్కటే కాబోలు.

అలా వినడం ఎలా ఉంటుందో అమెరికా ఆడవాళ్ళని అడగాలి. వాళ్ళ రాజ్యాంగం మనదానికంటే చాలా గట్టి తాళం. కాంగ్రెసులో మూడింట రెండువంతులు అయ్యాక, రాష్ట్రాల్లో నాలుగింట మూడువంతులు ఒప్పుకోవాలి. 1787లో దాని కింద సంతకాలు చేసిన 39 మందీ మగవాళ్ళే. తరవాత ఆడవాళ్ళు తమకో వాక్యం చేర్చమంటే, "దానికేం, అందరి సంతకాలూ తీసుకురండి" అన్నారు. మొదటి కాగితం రాసినప్పుడు ఎవరి సంతకం అడగలేదో, మార్పు కావాలన్నప్పుడు వాళ్ళే గడప గడపకీ తిరగాలి. నాకు ఇందులో అన్నిటికంటే అన్యాయంగా తోచేది ఇదే.

వాళ్ళు తిరిగారు. ఓటుహక్కు సవరణకి 36 రాష్ట్రాలు కావలసి ఉండగా, 1920 ఆగస్టులో ఆఖరిది టెనెస్సీ మీద పడింది. అక్కడ ఓట్లు సరిసమానంగా ఉన్నాయి. హారీ బర్న్ అని 24 ఏళ్ళ కుర్రవాడు, అప్పటిదాకా వద్దనేవాళ్ళ వైపు ఉన్నవాడు, ఉన్నట్టుండి ఔనన్నాడు. జేబులో వాళ్ళమ్మ రాసిన ఉత్తరం ఉందిట, ఆడవాళ్ళకి ఓటెయ్యరా అబ్బాయీ అని. అలా ఆడవాళ్ళన్న కారణంతో దేశంలో ఎక్కడా ఓటు కాదనకూడదన్నది ఖాయమైంది.

సరిగ్గా అదే దేశంలో, ఆడా మగా అన్న తేడాతో ఎవరికీ హక్కులు కాదనకూడదన్న సమాన హక్కుల సవరణని 1972లో కాంగ్రెసు ఆమోదించింది. 38 రాష్ట్రాలు కావాలి. చకచకా 30 దాకా వచ్చాయి. తరవాత నత్తనడక. గడువు పెంచినా 1982 జూన్ 30 నాటికి 35 దగ్గరే ఆగిపోయింది. ఆపింది ఎవరనుకున్నారు? ఫిలిస్ ష్లాఫ్లీ అని ఆరుగురు పిల్లల తల్లి. ఆవిడ వెంట వేలమంది గృహిణులు ఇంట్లో కాల్చిన రొట్టెలూ, ఇంట్లో చేసిన జాములూ పట్టుకెళ్ళి శాసనసభ్యులకి ఇచ్చి, మాకీ సమానత్వం వద్దన్నారు. మా ఆడపిల్లల్ని సైన్యంలోకి తీసుకుపోతారు, మమ్మల్ని పోషించాలన్న బాధ్యత మొగుళ్ళకి పోతుంది అని వాళ్ళ భయం. మొదట చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఆలోచించగా, ఇరవై ఏళ్ళు ఇల్లే లోకంగా బతికిన మనిషికి, ఆ ఇంటి మీద తనకున్న ఆ కాస్త ఆసరా కూడా ఎవరో తీసేస్తున్నారనిపిస్తే రొట్టె పట్టుకుని బయల్దేరదూ? ఆ భయాన్ని తీర్చగలిగినవాళ్ళు అప్పుడు లేకపోయారు. ఆ తరవాత 2020లో వర్జీనియా 38వది అయింది గాని, గడువు దాటిపోయిందనీ, మధ్యలో అయిదు రాష్ట్రాలు మాట వెనక్కి తీసుకున్నాయనీ పేచీ. ఆ వాక్యం రాజ్యాంగంలోకి ఎక్కనే లేదు.

ఇంక మా కాగితం సంగతి. అమ్మమ్మ పోయాక ఇల్లు తాళం వేసి ఉంది. పెంకులు జారిపోతున్నాయి. 2019లో మా చిన్నత్తయ్యకి మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు కాకినాడ వెళ్ళి రక్తశుద్ధి చేయించుకు రావాలి. ఆవిడ నగలు అయిపోయాయి, అరెకరం కొబ్బరితోట అయిపోయింది. ఇల్లు అమ్మి ఆ వాటా ఆవిడకి ఇద్దామని పెద్దమావయ్యే ముందు అన్నాడు. మూడో మావయ్య అప్పటికే లేడు. వాళ్ళబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడు. చెడ్డవాడు కాదు. పిన్ని వైద్యానికని రెండుసార్లు డబ్బు కూడా పంపించాడు. సంతకం మాత్రం పెట్టడు. "మా నాన్న అన్నదమ్ములతో మాటలు పోగొట్టుకుని నిలబెట్టిన ఇల్లు. నా చేత్తో ఎలా అమ్మమంటారు?" అంటాడు. కోర్టుకి వెళితే ఆ కాగితం నిలుస్తుందా అని మీరడగవచ్చు. తాతయ్య మాటని కోర్టుమెట్లు ఎక్కించే ధైర్యం మా వాళ్ళెవరికీ లేదు.

పోనీ, నలుగురూ అన్న మాట తీసేసి ముగ్గురు చాలు అని కాగితాన్నే మారుద్దామన్నాడు రెండో మావయ్య. అలా మార్చడానికీ నాలుగు సంతకాలూ కావాలి మరి!

ఇదంతా మా అమ్మాయికి చెబుతుంటే మా అమ్మ పక్కనే కూచుని చిక్కుడుకాయలు బాగుచేస్తోంది. "నీ సంతకం కూడా తాతయ్య అడిగి ఉంటే ఏం చేసేదానివమ్మా?" అన్నాను.

"94లో ముగ్గురు చాలనే కాగితం తెస్తే చచ్చినా పెట్టేదాన్ని కాదు" అంది. "అమ్మ వీధిన పడేది. ఇప్పుడు తెస్తే పెడతాను."

"అదెలా కుదురుతుంది అమ్మమ్మా? ఏదో ఒకటే కదా?" అంది మా అమ్మాయి.

మా అమ్మ జవాబు చెప్పలేదు. చేతులు కడుక్కుని వచ్చి ఒక తెల్లకాగితం ఇమ్మంది. ఫోనులో అయితే మేనల్లుడు "చూద్దాం అత్తయ్యా" అని పెట్టేస్తాడుట, కాగితమైతే రాత్రి మళ్ళీ తీసి చదువుకుంటాడుట. కళ్ళజోడు తుడుచుకుని, డల్లాస్‌కి ఇప్పుడు స్టాంపులు ఎంతవి అంటించాలో కనుక్కోమని మనవరాలిని పోస్టాఫీసుకి పంపించింది.